ఏ పనికి ఏ మేజోళ్ళు?

సరిహద్దు ఊళ్ళ సంతలలో ఒకే వస్తువును నలుగురు నాలుగు పేర్లతో అడగడం వింత కాదు. బళ్ళారిలో కాలుచీల, హోసూరులో కాలురై, సోలాపురంలో పాయమోజే, బరంపురంలో మోజా. తెలుగింట పెద్దలకు మేజోళ్ళు, పిల్లలకు సాక్సులు. మరాఠీ, ఒడియా మాటలు పారశీకంలోని 'మోజా' నుండి వచ్చినవి. తెలుగు మేజోడు కూడా వినికిడిలో వాటికి దగ్గరి చుట్టంలాగే ఉంటుంది. ఏ పేరుతో అడిగినా దుకాణదారు వేసే ప్రశ్నలు మాత్రం రెండే: సైజు ఎంత, రంగు ఏది? ఏ పనికి అని ఆయన అడగడు. దేనితో అల్లినవి అని కొనేవారూ అడగరు.

అడగకపోవడం వల్ల చాలామందికి కలిగేది కొద్దిపాటి దుర్గంధం, దురద మాత్రమే. కొందరి విషయంలో నష్టం అంతటితో ఆగదు. పోలీసు ఎంపికకు నెలల తరబడి సాధన చేసిన యువకుడు మడమ మీది బొబ్బతో పరుగు మధ్యలో ఆగిపోవచ్చు. కొలిమి దగ్గర పనిచేసే కార్మికుని కాలికి కరిగిన నైలాన్ అతుక్కుపోవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారికి బిగుతు మేజోటి కింద పుట్టిన చిన్న పుండు చివరకు వేలు తీసివేసే వరకు వెళ్ళవచ్చు. అందువల్ల ఇంటికి కావలసిన మేజోళ్ళన్నింటినీ ఒకే కట్టగా కొనుక్కురావడం మంచి పద్ధతి కాదు.

చెమట, ఒరిపిడి

అరికాలిలో చెమట గ్రంథులు మిక్కిలి దట్టంగా ఉంటాయి. మూసిన బూటులో ఆ చెమట గాలికి ఆరిపోయే అవకాశం లేదు. దానిని చర్మం మీద నుండి తొలగించడం మేజోటి మొదటి పని. రెండవది, కాలికీ బూటుకూ నడుమ ఒరిపిడిని తగ్గించడం. ఈ రెండూ వేరువేరు పనులుగా కనిపించినా నిజానికి ఒకదానితో ఒకటి ముడిపడినవే. పొడి చర్మం కంటే తేమ పట్టిన చర్మం బట్టకు గట్టిగా పట్టుకుంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ పై చర్మం ఒక వైపుకు, లోపలి ఎముక మరొక వైపుకు లాగబడి, నడుమ పొరలు విడిపోయి నీరు చేరుతుంది. బొబ్బ ఏర్పడే తీరు ఇదే.

మేజోడు నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. అందుకే సాగుతుంది. ఒకే పోగును పలచగా అల్లితే ఒక గుణం, లోపలి వైపు సోలాపురం టవలు మాదిరిగా కుచ్చులు వచ్చేటట్లు అల్లితే మరొక గుణం వస్తుంది. దుకాణాలలో 'టవల్ సాక్స్' అని పిలిచేవి ఈ రెండవ రకం. పోగు ఏదో తెలుసుకోవడంతో పాటు అల్లిక ఎటువంటిదో మేజోటిని తిరగవేసి చూడడం అవసరం.

పోగుల స్వభావం

బాగా ఆరబెట్టిన పోగును సాధారణమైన తేమ గల గాలిలో ఉంచినప్పుడు అది ఎంత నీటిని పీల్చుకుంటుందో ప్రయోగశాలలలో కొలుస్తారు. 100 గ్రాముల ఉన్ని సుమారు 16 గ్రాములు, నూలు సుమారు 8 గ్రాములు, నైలాన్ సుమారు 4 గ్రాములు పీలుస్తాయి. పాలియెస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. ఈ అంకెలు చూడగానే ఎక్కువ పీల్చేదే మంచిదన్న అభిప్రాయం కలుగుతుంది. అయితే పీల్చడం ఒక ఎత్తు, పీల్చిన దానిని వదలడం మరొక ఎత్తు.

నూలు చెమటను వెంటనే తీసుకుంటుంది, చర్మానికి మెత్తగా ఉంటుంది, వేడినీటి ఉతుకుకు తట్టుకుంటుంది. కాని తడిసిన నూలు ఉబ్బి, బిగువు కోల్పోయి, ముడతలు పడి, గంటల తరబడి తడిగానే ఉంటుంది. ఆదోని, రాయచూరు నల్లరేగడిలో పత్తి పండించే కుటుంబాలకు ఈ మాట రుచించకపోవచ్చు గాని, 'నూరు శాతం కాటన్' అన్న ముద్ర అన్ని సందర్భాలలోనూ గొప్ప కాదు. నీడపట్టున, కొద్ది గంటల పాటు, తక్కువ నడకతో సాగే పనికి నూలు మేలైనది. ఎడతెగని నడకకు, పరుగుకు అది సరిపోదు.

ఉన్ని అనగానే వేడి పుట్టించే వస్తువని భావిస్తారు. ఉన్ని పోగు తన లోపల తేమను దాచుకుని, పైకి తడి తెలియనివ్వదు. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. వాసన కూడా తక్కువ పడుతుంది. అయితే ఏ ఉన్ని అన్నది ముఖ్యం. చళ్ళకెరె ప్రాంతంలో కురుబలు నేసే కంబళి దక్కని గొర్రె ఉన్నితో తయారవుతుంది. వానకు, చలికి దానిని మించినది లేదు గాని పోగు ముతక. మేజోళ్ళకు వాడే మెరినో గొర్రె ఉన్ని పోగు మందం సాధారణంగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగు చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో మేజోళ్ళ ధర మాత్రం నూలు వాటికి ఎన్నో రెట్లు.

నైలాన్ 1935లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టింది. 1940 మే నెలలో ఆ దేశమంతటా స్త్రీల మేజోళ్ళ రూపంలోనే జనానికి పరిచయమైంది. దాని బలం ఒరిపిడికి తట్టుకోవడం. నూలు మేజోటికి మడమ, వేళ్ళ దగ్గర నైలాన్ కలిపి అల్లితే త్వరగా చిరగదు. కేవలం నైలాన్ మేజోడు మాత్రం మూసిన బూటులో జిగటగా ఉంటుంది. పాలియెస్టర్, యాక్రిలిక్ పోగులు నీటిని తమలోకి తీసుకోవు. పోగుల మధ్య సందుల గుండా పైకి పాకించి వదిలేస్తాయి, త్వరగా ఆరుతాయి. పాలియెస్టర్‌కు ఉన్న లోపం వాసనను పట్టి ఉంచడం. స్పాండెక్స్ అనే సాగే పోగు 1958లో వచ్చింది. ఎలాస్టేన్, లైక్రా అని చీటీల మీద కనిపించేవి కూడా అదే. 2 నుండి 5 శాతం ఉంటే మేజోడు జారిపోకుండా నిలుస్తుంది.

ఇటీవల 'వెదురు మేజోళ్ళు' అన్న ప్రచారం ఎక్కువైంది. వీటిలో అత్యధికం వెదురు గుజ్జును రసాయనాలలో కరిగించి తీసిన విస్కోస్ పోగుతో తయారైనవే. అమెరికాలో వాణిజ్య పర్యవేక్షణ సంస్థ 2009లోనే ఇటువంటి వస్త్రాలను వెదురు అని అమ్మిన సంస్థల మీద చర్య తీసుకుంది. మెత్తదనంలో లోటు లేదు. అయితే వెదురు పేరుకు అదనంగా చెల్లించవలసిన పని లేదు.

చీటీ లేని సరుకును గుర్తించడానికి పాత పద్ధతి ఒకటి ఉన్నది. పాత మేజోటి నుండి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, పళ్ళెం మీద పెద్దవారు కాల్చి చూడాలి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుతుంది. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది. నైలాన్, పాలియెస్టర్ ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మిగులుతాయి. విస్కోస్ నూలు లాగే కాలుతుంది కనుక ఈ పరీక్షకు దొరకదు. కలగలుపు పోగులు కూడా తికమక పెడతాయి.

బడి పిల్లలకు

ఉదయం వేసిన బూట్లు సాయంత్రం వరకు విప్పని పిల్లలకు చవక నైలాన్ మేజోళ్ళు వేయడమే వేళ్ళ సందులు పాసిపోవడానికి ఒక ముఖ్య కారణం. మూడొంతుల నూలు, మిగిలినది నైలాన్, కొద్దిగా స్పాండెక్స్ కలిసిన పలచని మేజోళ్ళు వీరికి తగినవి. ఒక జత నాణ్యమైనదాని కంటే మూడు జతలు మధ్యరకానివి ఉండడం మేలు. ఉతికినది ఆరకముందే తొడిగితే ఏ పోగైనా ఒకటే. వానాకాలంలో సంచిలో ఒక పొడి జత పెట్టి పంపడం చిన్న పనే. తడిసిన మేజోళ్ళతో ఆరు గంటలు కూర్చున్న కాలు సాయంత్రానికి తెల్లగా నాని కనిపిస్తుంది.

పిక్క మీద ఎలాస్టిక్ గుర్తు లోతుగా పడి, గంట తరువాత కూడా పోకపోతే ఆ మేజోడు బిగుతు అయినట్లే. పిల్లవాడు పెరిగినా మేజోటి సైజు మార్చని ఇళ్ళలో ఇది సాధారణంగా కనిపిస్తుంది.

పరుగు, పాదయాత్ర

సైన్యం, పోలీసు ఎంపికలలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. దాని కోసం తెల్లవారుజామున ఊరి రోడ్ల మీద సాధన చేసే యువకులలో అధికులు బడికి వేసుకున్న నూలు మేజోళ్ళనే వాడతారు. 1990లో అమెరికాలో దూరపు పరుగువారి మీద జరిగిన ఒక పరిశీలనలో, ఒకే విధంగా అల్లిన యాక్రిలిక్, నూలు మేజోళ్ళను పోల్చారు. నూలు వేసినవారికి బొబ్బలు ఎక్కువగా వచ్చాయి, వచ్చినవి పెద్దవిగానూ ఉన్నాయి. అదే పరిశోధకులు 1993లో వేరే రకపు అల్లికతో మళ్ళీ పరీక్షించినప్పుడు ఈ తేడా కనిపించలేదు. పోగు మారితే చాలదని, అల్లిక కూడా తగినదై ఉండాలని దీని వల్ల తెలుస్తుంది. పాలియెస్టర్ గాని యాక్రిలిక్ గాని అధికంగా ఉండి, మడమ, మునివేళ్ళ దగ్గర మందంగా అల్లినవి పరుగుకు ఎంచుకోవాలి. వేళ్ళ మీది కుట్టు లోపల తాడులా తగులుతుంటే ఆ జత వదిలేయాలి. కొత్త మేజోళ్ళు, కొత్త బూట్లు ఎంపిక రోజున తొలిసారి వేయడం కంటే పెద్ద పొరపాటు లేదు. కనీసం పది రోజుల సాధన వాటితోనే జరగాలి.

పాదయాత్ర సంగతి వేరు. ఉగాదికి ఉత్తర కర్ణాటక జిల్లాల భక్తులు కర్నూలు, ఆత్మకూరు మీదుగా, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దారిన నల్లమల దాటి శ్రీశైలం చేరుకుంటారు. సోలాపురం వైపు ఆషాఢ ఏకాదశికి పండరిపురం దారులు నిండిపోతాయి. మొదటిది ఎండలో రోజుల తరబడి సాగే నడక, రెండవది వానలో సాగేది. వట్టి కాళ్ళతో నడిచే మొక్కు ఉన్నవారి మాట అటుంచితే, బూట్లతో నడిచేవారికి రెండు పొరల పద్ధతి ఉపకరిస్తుంది. లోపల పలచని పాలియెస్టర్ మేజోడు, పైన కొంచెం మందమైన ఉన్ని కలగలుపు లేదా యాక్రిలిక్ మేజోడు వేసుకుంటే, ఒరిపిడి చర్మం మీద కాక రెండు బట్టల మధ్య జరుగుతుంది. బూటు అందుకు సరిపడ వదులుగా ఉండాలి. బిగుతు బూటులో రెండు పొరలు వేస్తే మేలు బదులు కీడే.

మజిలీ దగ్గర మేజోళ్ళు విప్పి, కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, పొడి జత వేసుకోవాలి. విప్పిన జత సంచి పైన కట్టుకుంటే నడుస్తుండగానే ఆరుతుంది. పాలియెస్టర్ ఇలా ఆరినంత త్వరగా నూలు ఆరదు. బొబ్బ వచ్చినట్లయితే పై చర్మాన్ని కత్తిరించరాదు. అది ఉన్నంత వరకు అదే కట్టు.

చెప్పులతో నడిచే స్త్రీలు బొటనవేలు విడిగా ఉన్న మేజోళ్ళు అడుగుతుంటారు. ఇవి కొత్త పోకడ అనుకుంటే పొరపాటు. ఈజిప్టులో దొరికిన ఎర్ర ఉన్ని మేజోళ్ళు, క్రీ.శ. 250-420 నడుమ నాటివి, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటికి కూడా చెప్పు పట్టీ కోసం బొటనవేలు విడిగానే ఉంటుంది. చెప్పుకు గాలి తగులుతుంది కనుక ఇక్కడ నూలు అధికంగా ఉన్నవే సుఖం. ఎండ, దుమ్ము, మడమ పగుళ్ళ నుండి కాలిని కాపాడతాయి.

కొలిమి, గని, పొలం

తోరణగల్లు ఉక్కు కర్మాగారంలోను, హోసూరు యంత్ర కార్ఖానాలలోను, చంద్రపురం బొగ్గు గనులలోను సరిహద్దు తెలుగు కుటుంబాల వారు ఎందరో పనిచేస్తున్నారు. బూట్లు సంస్థ ఇస్తుంది, మేజోళ్ళు ఎవరివి వారు కొనుక్కుంటారు. జాగ్రత్త తప్పేది అక్కడే. నైలాన్ రకాన్ని బట్టి సుమారు 215 నుండి 265 డిగ్రీల మధ్య, పాలియెస్టర్ సుమారు 255 డిగ్రీల దగ్గర కరుగుతాయి. నిప్పురవ్వ గాని, వెల్డింగ్ కణం గాని బూటు పై అంచు నుండి లోపల పడితే నూలు, ఉన్ని మాడతాయి, నైలాన్ కరిగి చర్మానికి పట్టుకుంటుంది. కాలిన గాయం మీద అతుక్కున్న ప్లాస్టిక్‌ను ఊడదీయడం వైద్యునికే కష్టమైన పని. నిప్పు దగ్గర పనిచేసేవారు పిక్క వరకు వచ్చే మందమైన నూలు లేదా ఉన్ని మేజోళ్ళు ఎంచుకోవాలి. చిరగకుండా కలిపిన కొద్ది శాతం నైలాన్‌ను తప్పించడం కష్టమే గాని, సగానికి సగం కృత్రిమ పోగు ఉన్నవి ఈ పనికి తగవు. నూలు చెమటకు తడుస్తుంది కనుక షిఫ్టు నడుమ విరామంలో మార్చుకునేందుకు రెండవ జత ఉండాలి. దీపావళి నాడు టపాకాయలు కాల్చే పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది.

నిప్పు లేని గనులలో, గోదాములలో ఈ చిక్కు లేదు. ఇనుప ముక్కు బూట్ల లోపల వేళ్ళు ఒరుసుకుంటాయి కనుక మునివేళ్ళ దగ్గర మందంగా ఉన్న నూలు-నైలాన్ కలగలుపు చాలు.

తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు క్యాంపులలో వరి నాటేవారికి దమ్ము చేసిన మడిలో ఏ మేజోడూ పనికిరాదు. బురదలో మేజోడు వేయడమంటే కాలికి తడిగుడ్డ చుట్టడమే. గట్టు మీద నడకకు, రాత్రివేళ మోటారు వేయడానికి, యానాం చుట్టుపక్కల రొయ్యల చెరువుల పనికి మాత్రం గంబూట్లు తప్పనిసరి. పాముకాటు నుండి కాపాడేవి అవే. గంబూటుకు గాలి ఆడదు, చెమట గుమ్మరిస్తుంది. పలచని మేజోడు వేస్తే అంచు పిక్కను కోస్తుంది, ఏదీ వేయకపోతే రెండు రోజులలో రైతు గంబూటునే మూలన పడేస్తాడు. అసలు ప్రమాదం అదే. బూటు అంచు కంటే రెండు అంగుళాలు పైకి వచ్చే, కుచ్చుల అల్లిక గల, యాక్రిలిక్ లేదా పాలియెస్టర్ అధికంగా ఉన్న మేజోడు వేసుకుంటే గంబూటు భరించదగినదవుతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారికి

భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన సర్వే అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు చక్కెర వ్యాధి ఉన్నది. ఏళ్ళు గడిచేకొద్దీ వీరిలో చాలామందికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది, రక్త ప్రసరణ మందగిస్తుంది. ముల్లు గుచ్చుకున్నా, మేజోటి ముడత ఒరుసుకున్నా తెలియదు. అందుకే వీరి మేజోళ్ళు అందరి మేజోళ్ళ వంటివి కారాదు.

పైన బిగుతు ఎలాస్టిక్ ఉండరాదు. లోపలి వైపు కుట్టు ఉండరాదు. కుట్టు లేనివి దొరకనప్పుడు తిరగవేసి, కుట్టు బయటకు వచ్చేటట్లు తొడగడం మేలు. రంగు తెలుపు గాని లేత రంగు గాని కావాలి. నల్లని మేజోటి మీద రక్తపు చుక్క, చీము మరక కనిపించవు. తెల్లని దాని మీద సాయంత్రం విప్పగానే కంటబడతాయి. స్పర్శ చేయలేని పనిని ఇక్కడ రంగు చేస్తుంది. పోగు విషయానికి వస్తే నూలుకు యాక్రిలిక్ గాని మెత్తని ఉన్ని గాని కలిసి, అరికాలి దగ్గర మెత్తగా ఉన్నవి మంచివి. చిరిగి కుట్టిన మేజోళ్ళు వీరికి పనికిరావు. ఆ కుట్టే గాయానికి మొదలు. తొడిగే ముందు లోపల చేయి పెట్టి ఇసుక రేణువు, ముల్లు లేవని చూడాలి. మేజోడు చెప్పుకు బదులు కాదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకునే నడవాలి. బొబ్బ గాని పుండు గాని కనిపించిన రోజే వైద్యునికి చూపించాలి. పసుపు పెట్టి వారం చూద్దామన్న ఆలోచన కాలి మీదకు తెస్తుంది.

నరాల ఉబ్బుకు వాడే బిగుతు మేజోళ్ళు వేరే వస్తువు. వాటిని కొలత తీసి వైద్యుడు చెప్పిన ఒత్తిడితోనే కొనాలి. కాలికి రక్తం సరిగా అందని వారికి అవి హాని చేస్తాయి.

చలి, నునుపు నేల, పసికందు

కోరాపుట్ కొండల మీద మాఘ మాసపు ఉదయాలలో రెండు జతల నూలు మేజోళ్ళు తొడిగి, బూటు బిగించేవారు కనిపిస్తారు. బిగుతు వల్ల రక్తం నెమ్మదించి కాలు మరింత చల్లబడుతుంది. ఒకే ఉన్ని కలగలుపు జత వదులుగా వేస్తే చాలు.

షాబాదు, తాండూరు, బేతంచెర్ల బండలు పరచి మెరుగు పెట్టిన ఇళ్ళలో ముసలివారు మేజోళ్ళతో నడవడం ప్రమాదం. అడుగున రబ్బరు చుక్కలు ఉన్న రకం దొరుకుతుంది. అది లేనప్పుడు మంచం దిగే ముందే చెప్పులు తొడగడం క్షేమం.

పసిపిల్లల మేజోళ్ళు తప్పక తిరగవేసి చూడాలి. లోపల వేలాడే దారపు పోగు గాని, తల్లి వెంట్రుక గాని చిట్టి వేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు వాచిపోతుంది. ఏ కారణం తెలియకుండా పసివాడు ఏడుస్తుంటే మేజోళ్ళు విప్పి వేళ్ళు చూడడం పెద్దలు మరచిపోరాదు.

ఉతుకు

చెమటకు స్వతహాగా వాసన ఉండదు. దానిని సూక్ష్మజీవులు విరగగొట్టినప్పుడు పుడుతుంది. అవి చేరేది లోపలి వైపు కనుక మేజోళ్ళను తిరగవేసే ఉతకాలి. వేళ్ళ సందులలో తామర ఉన్నవారి నూలు మేజోళ్ళను 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే ఆ శిలీంధ్రం నశిస్తుంది. గోరువెచ్చని నీరు అందుకు చాలదు. వారి మేజోళ్ళను ఇంటివారి బట్టలతో కలపరాదు. ఉన్ని మేజోళ్ళకు మాత్రం వేడినీరు శత్రువు. ముడుచుకుని పిల్లల సైజుకు వస్తాయి. చల్లని నీటిలో మెల్లగా పిసికి, పిండకుండా, నేల మీద పరచి నీడలో ఆరబెట్టాలి. మిగిలినవాటిని ఎండలో వేయవచ్చు. దండెం మీద వేసేటప్పుడు ఎలాస్టిక్ అంచును కాక వేళ్ళ వైపును క్లిప్పుతో పట్టిస్తే పట్టు త్వరగా సడలదు.